పందొమ్మిది సంతకాలు

వెనక గది నుంచి
జూన్ 9

పొట్టీకి,

రాజీకి వస్తున్నానని సంబరపడకు. పని పడింది, రాస్తున్నాను. పన్నెండేళ్లు మాటల్లేకుండా బతికాం, ఇద్దరిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఈ పని అయ్యాక మళ్లీ అలాగే ఉందాం.

ముందు ఒక సంగతి చెప్పాలి. మీ వదిన పోయి ఏడు నెలలైంది. గుండె. పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు పెట్టి, పక్కనున్న పీట మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. నీకు కబురు పెట్టలేదు. మరిచిపోయి కాదు, పెట్టకూడదనే పెట్టలేదు.

ఇక పని. ఆమె ఇంట్లో టైపు చేసుకునే పాత కంప్యూటరు ఒకటుంది. ఆమె ఉన్నన్నాళ్లూ నేను దాని మొహం చూడలేదు. ఎందుకు చూడలేదో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆమె పోయిన రెండు వారాలకు, దుమ్ము దులుపుతూ దాని గుండ్రటి మీట నొక్కాను. కాసేపు గురక పెట్టింది. ఆ తర్వాత తెర నిండా మీ వదిన. మెట్ల మీద కూర్చుని ఉంది. వెనక నీలం రంగు కమ్మీలు. జుట్టు గాలికి మొహాన పడుతుంటే ఒక చేత్తో తోసుకుంటూ నవ్వుతోంది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఆ నవ్వు నేను చూడలేదు. ఇంట్లో ఉన్న మిగతా ఫొటోల్లో అయితే కళ్లు మూసుకుని ఉంటుంది, లేదా నన్ను గుర్రుగా చూస్తుంటుంది. ఇదెక్కడ తీసిందో, ఎవరు తీశారో నాకు తెలియదు. అప్పటి నుంచి రోజూ పొద్దున మీట నొక్కడం, చూడడం, ఆపేయడం. అంతకుమించి దాంతో నాకు పనిలేదు.

పోయిన శుక్రవారం అది నడుస్తుండగా కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ నొక్కాను. ఫొటో లేదు. తెరంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పైన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, కింద చిన్నవి, వాటి కింద ఒక బటను బొమ్మ. రెండోసారి పోయినట్టయింది ఆమె.

ఆ అక్షరాలన్నీ వేరే కాగితం మీద దించి దీంతో పంపుతున్నాను. ఇంగ్లీషు చదవడం రాకపోతే ఏం, డ్రాయింగు చూసి ఇనుము కోసినవాణ్ణి, గీత పొల్లుపోదు. బటను మాత్రం నొక్కలేదు. తెలియని బటను నొక్కి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను మా షెడ్డులో ముగ్గురిని చూశాను.

బాగుచేసే కుర్రాడి దగ్గరికి మోసుకెళ్లాను. "తాతా, ఇది నీకంటే ముసలిది. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి" అన్నాడు. "మరి ఫొటో?" అంటే, "ఏ ఫొటో?" అన్నాడు. అంతే, చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఈ యంత్రాల సంగతి తెలిసినవాళ్లు నాకు నువ్వు తప్ప లేరు. నా ఖర్మ. నీ చిరునామా మీ వదిన పుస్తకంలో దొరికింది, ఎందుకు రాసి పెట్టుకుందో మరి. ఫోన్ చేయకు. నలభై ఏళ్ల లేతు మిషను మోతకు చెవులు పోయాయి. రాయి. ఫొటో వస్తుందా రాదా, అదొక్కటే చెప్పు.

అన్నయ్య

*

ముందు గది నుంచి
జూన్ 17

అన్నయ్యా,

నీ ఉత్తరం వరండాలోనే నిలబడి చించాను. వదిన పోయిందా? ఏడు నెలలా? నాకు ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి ఎలా రాలేదు?

నవంబరు నుంచి నీ ఉత్తరాలు ఆగిపోతే నామీద ఎందుకో అలిగావనుకున్నాను. నేనే రెండు రాశాను. ఎప్పటిలాగే వదిన పనిచేసే టైపింగ్ సెంటరు చిరునామాకే పంపాను. మీ వీధి పోస్ట్‌మన్‌ను నమ్మలేమని నువ్వే అన్నావు కదా. జవాబు లేదు. ఇప్పుడు ఇది. పైగా పన్నెండేళ్లు మాటల్లేవంటావు!

అన్నయ్యా, కోప్పడకుండా చదువు. నువ్వు నాకు పదేళ్లుగా రాస్తూనే ఉన్నావు. పందొమ్మిది ఉత్తరాలు. అన్నీ టైపు చేసినవి, అన్నిటి కింద నీ సంతకం. నా మోకాలి ఆపరేషనప్పుడు ధైర్యం చెప్పావు. మా ఆయన పోయినప్పుడు నాలుగు పేజీలు రాశావు. ఆ నాలుగు పేజీలే లేకపోతే ఆ ఏడాది నేను మంచం దిగేదాన్ని కాదు. అవేవీ నీకు గుర్తులేవా? ఈ మధ్య వస్తువులు ఎక్కడ పెట్టావో మరిచిపోతున్నావా? దారి తప్పుతున్నావా? ఒకసారి డాక్టరుకు చూపించుకో. నా మీద ఒట్టు.

నువ్వు దించిన అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. తెర వెనక బొమ్మను నిలబెట్టే ఏర్పాటు చెడింది, తిరిగి నిలబెట్టమంటే బటను నొక్కు అని దాని అర్థం. కరెంటు హఠాత్తుగా పోతే పాత యంత్రాలకు ఇది మామూలే. ఫొటో చెరిగిపోయిందని కాదు. బటను ఒక్కసారి నొక్కు. వేళ్లు పోవు. తెర మీద అక్షరాల పెట్టె ఏదైనా తెరుచుకుంటే దాన్నీ దించి పంపు.

ఆ ఫొటో గురించి తర్వాత రాస్తాను. ఇప్పుడు రాయలేను.

నీ చెల్లెలు

*

వెనక గది నుంచి
జూన్ 24

పొట్టీకి,

మతిమరుపా? నాకా? నా లేతు గేర్లకు పళ్లెన్నో వరుసగా చెప్పమంటావా? నువ్వు తొమ్మిదేళ్లప్పుడు నా సైకిలు మురుక్కాలవలో తోసి, కుక్క తోసిందని చెప్పావు. ఆ కుక్క రంగు కూడా చెప్పగలను, ఎందుకంటే ఆ వీధిలో కుక్కే లేదు.

నేను నీకు ఉత్తరం ముక్క రాయలేదు. రాయను. మొన్నటిదే మొదటిది. ఎవడో నిన్ను ఆటపట్టిస్తున్నాడు. మూడో తరగతి చదివినవాడు నాలుగు పేజీలు రాస్తాడా, ఆలోచించవద్దా మొద్దూ? అందులో నేను నిన్ను ఏమని పిలిచాను? "చెల్లీ" అనా? పుట్టి బుద్ధెరిగాక నిన్ను ఎప్పుడైనా అలా పిలిచానా?

నాకు ఒళ్లు మండుతోంది. నా పేరు పెట్టుకుని రాసినవాడు నా గురించి ఏమేం కూశాడో ఏమో. ఒకటి ఇటు పంపు. ఆ సంతకం నాదో కాదో నేను తేలుస్తాను.

బటను నొక్కాను. పసుపు మూడుకోణాల గుర్తుతో ఒక అక్షరాల పెట్టె వచ్చింది. అక్షరాలు దించి పెట్టాను. దాన్ని మూస్తే మళ్లీ అదే తెల్లసున్నం. మళ్లీ నొక్కితే మళ్లీ అదే పెట్టె. నీ యంత్రాలు నీలాగే ఉన్నాయి, చెప్పిందే చెబుతాయి.

అన్నయ్య

*

ముందు గది నుంచి
జూలై 3

అన్నయ్యా,

అడిగావు కాబట్టి పంపుతున్నాను. పందొమ్మిదిలో ఇది మొదటిది. చదివి జాగ్రత్తగా తిరిగి పంపు, నాకు కావాలి. సంతకం చూడు. చివర కొక్కెం లాంటి గీత చూడు. ఆ కొక్కెం ఇంకెవరూ పెట్టరు.

నువ్వు చదవకుండా విసిరికొడతావని తెలుసు కాబట్టి అందులో ముఖ్యమైన ముక్క ఇక్కడే రాస్తున్నాను:

"చెల్లీ, ఆ రోజు షెడ్డులో నువ్వన్న మాటకు కాదు నేను పనిముట్లు కింద పెట్టింది. అంతకు రెండేళ్ల ముందు నుంచే నా కుడిచెయ్యి వణుకుతోంది. పదకొండు షాఫ్టులు పాడుచేసి తుక్కులో కలిపేశాను. ఫోర్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కంప్యూటరు లేతు రాకపోయినా, దాన్ని నేర్పడానికి నువ్వు రాకపోయినా, నన్ను పంపేసేవాళ్లే. నెపం నీ మీద వేశాను. నా గడప తొక్కవద్దన్నాను. క్షమించు."

ఇది నువ్వు రాయలేదంటే, ఈ సంగతులు ఎవరికి తెలుసన్నయ్యా?

ఇక ఫొటో. ఆ మెట్లు మా ఇంటివి. నీలం కమ్మీలు మా వరండావి. ఏడేళ్ల కిందట వదిన నా దగ్గరికి వచ్చి రెండు రోజులుంది. ఆ ఫొటో తీసింది నేను. "మీ అన్నయ్యకు తీరిక లేదు, నిన్ను అడిగానని చెప్పమన్నాడు" అంది. నువ్వే పంపావనుకున్నాను. నీకు ఏమని చెప్పి వచ్చింది?

యంత్రం సంగతి తర్వాత. ముందు దీనికి జవాబు రాయి.

చెల్లెలు

*

వెనక గది నుంచి
జూలై 14

పొట్టీ,

కళ్లకు చూపించుకుంటానని చెప్పి వచ్చింది. రెండు రోజులు పడుతుందంది. తిరిగొచ్చాక "కళ్లేమన్నారు?" అని అడిగాను. "బాగానే కనబడుతోందన్నారు" అంది.

సంతకం నాదే.

నాలుగు రోజులు ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వెలుతురుకు పెట్టి చూశాను. వేరే సంతకం పక్కన పెట్టి చూశాను. నాదే. దొంగసంతకం కాదు. నా చేత్తో నేను పెట్టిందే. ఎలా పెట్టానో ఎవరికీ చెప్పే సంగతి కాదు, నీకు చెబుతున్నాను.

ఏడాదికి రెండుసార్లు మీ వదిన ఒక కాగితం మడిచి, కింది భాగం మాత్రం కనబడేటట్టు నా ముందు పెట్టేది. "పింఛను ఆఫీసుకి. బతికే ఉన్నానని సంతకం పెట్టండి" అనేది. "వాళ్లకు నా ప్రాణం మీద ఇంత అనుమానమేంటే?" అనేవాణ్ణి. "వాళ్ల చాదస్తం. పెట్టండి" అనేది. పెట్టేవాణ్ణి. విప్పి చదివింది లేదు. చదవలేక కాదు. చదివేటప్పుడు నా పెదాలు కదులుతాయి, చిన్నపిల్లాడిలా. అది ఆమె ముందు కూడా నాకు నామోషీ. నా నామోషీ కొలత ఆమెకు బాగా తెలుసు. అది ఎక్కడ పడుతుందో, ఎంత లోతో తెలుసు కాబట్టే అక్కడే పెట్టింది కాగితం.

నిన్న టైపింగ్ సెంటరుకు వెళ్లాను. ఆ సెంటరు నడిపే ఆవిడ నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుని సొరుగు లాగింది. నీవి రెండు, విప్పనివి, ఉన్నాయి. "మీకు చెప్పవద్దని అక్క ఒట్టు వేయించుకుంది" అంది. ఊరందరికీ తెలుసన్నమాట, సంతకం పెట్టిన వెధవకు తప్ప.

చెయ్యి సంగతి ఆమెకు ఒక్కదానికే చెప్పాను. గోడకు కూడా తెలియకూడదన్నాను. అది తీసుకెళ్లి నీకు రాసింది! పదేళ్లుగా నీకు తెలుసు. పదేళ్లుగా నువ్వు నన్ను వణుకుడోడిగా చూస్తున్నావు, నేనేమో ఇక్కడ మీసం మెలేసుకుని కూర్చున్నాను. నన్ను నడివీధిలో నిలబెట్టి చొక్కా విప్పినట్టుంది. పోయిన మనిషిని తిట్టకూడదు. తిట్టాను. పొయ్యి దగ్గర నిలబడి గట్టిగానే తిట్టాను.

ఆ కంప్యూటరు మీద దుప్పటి కప్పేశాను. ఆ ఫొటో నాకు అక్కర్లేదు. నీ ఉత్తరం దీంతో తిప్పి పంపుతున్నాను.

అన్నయ్య

*

ముందు గది నుంచి
జూలై 25

అన్నయ్యా,

నువ్వు నీ సంగతి చెప్పావు. నేనూ ఒకటి చెబుతాను. మతిమరుపా అని నిన్ను అడిగాను కదా, అది సగం నాటకం. "చెల్లీ" అన్న మాట చూసిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఆ పిలుపు నీది కాదు. టైపు చేసింది వదిన అని తెలుసు, మాటలు మాత్రం నీవే అయ్యుండాలని నాకు నేను చెప్పుకున్నాను. గట్టిగా అడిగితే ఉత్తరాలు ఆగిపోతాయని భయం. అడగలేదు. పదేళ్లు అడగలేదు. నీకు నామోషీ ఉన్నట్టే నాకు పిరికితనం ఉంది. ఇద్దరం ఒక్క కడుపునే పుట్టాం.

ఆ రోజు షెడ్డులో "ఈ యంత్రానికి చెయ్యి వణకదు" అని నేనన్న మాట నిజమే. అది ఆ యంత్రాలు అమ్మే కంపెనీ వాళ్లు నాకు రాసిచ్చిన కాగితంలోని మాట. ప్రతి షెడ్డులోనూ అదే చదివేదాన్ని. నీ చెయ్యి సంగతి నాకు తెలియదు. తెలిసుంటే నాలుక కోసుకునేదాన్ని. నువ్వు పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి, వరుసగా బల్ల మీద పెట్టి, నన్ను చూడకుండా వెళ్లిపోవడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. నిన్ను వణుకుడోడిగా ఎప్పుడూ చూడలేదు. రెండేళ్లు వణికే చేత్తో నూలుపోగు తేడా లేకుండా పనిచేసినవాడిగా చూశాను. పాడైనవి పదకొండేనా అని ఆశ్చర్యపోయాను.

దుప్పటి తీస్తావో లేదో నీ ఇష్టం. తీస్తే మాత్రం ఇలా చెయ్యి. ఆ యంత్రంలో ఒక చిన్న ఫైలు ఉంది, అది ఫొటో కాదు, ఫొటోను గోడకు నిలబెట్టే మేకు లాంటిది. ఆ రోజు కరెంటు పోయినప్పుడు మేకు వంగింది. దాన్ని పీకేస్తే యంత్రం తనే కొత్త మేకు కొట్టుకుంటుంది. అది దాచిన అరల్లో ఉంటుంది. ఆ అరలు పైకి కనబడేలా చేయడానికి ఏది నొక్కాలో, తర్వాత ఏ పసుపు సంచీ బొమ్మ తెరవాలో, దాని లోపల ఏ సంచీ తెరవాలో, అన్నీ విడి కాగితాల మీద పెద్ద అక్షరాలతో వరుసగా రాశాను. ఆరు కాగితాలు. చదవక్కర్లేదు. తెర మీది బొమ్మతో కాగితం మీది బొమ్మ పోల్చుకో. సరిపోకపోతే ముందుకు వెళ్లకు. చివరి కాగితం మీదున్న ఫైలును మాత్రమే తీసేసి, యంత్రం ఆపి మళ్లీ పెట్టు.

ఇంకొకటి. వదిన ఆ ఉత్తరాలు అందులోనే టైపు చేసింది కదా, అవీ అందులోనే ఉంటాయి. చదువుతావా, కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లి మొత్తం తుడిపించేస్తావా, నేను చెప్పను. నా దగ్గర ఉన్నవి మాత్రం ఎవరికీ ఇవ్వను.

చెల్లెలు

*

వెనక గది నుంచి
ఆగస్టు 28

పొట్టీ,

ఇరవై రోజులు దుప్పటి తీయలేదు. తీసింది నీ మాట విని కాదు. చేతిలో పని లేక.

ఆరు కాగితాలూ తెర పక్కన గోడకు అంటించాను. ఒక్కో బొమ్మ పోల్చుకుంటూ వెళ్లాను. నాలుగో కాగితం దగ్గర ఒక అక్షరం తేడా వచ్చింది, ఆగిపోయాను. మర్నాడు కళ్లజోడు తుడిచి చూస్తే తేడా లేదు, మరక. ఆ మేకు ఫైలు దొరికింది. తీసేయమంటావా అని యంత్రం అడిగింది. ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని నొక్కాను. ఆపాను. మళ్లీ పెట్టాను. గురక పెట్టింది.

వచ్చింది.

కుర్చీ తెర దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అదే నవ్వు, అవే మెట్లు. అయితే ఇన్నాళ్లూ నన్ను చూసి నవ్వుతోందనుకున్నాను. కాదు. ఫొటో తీస్తున్న నిన్ను చూసి నవ్వుతోంది. అది తట్టిన రోజు మళ్లీ ఆపేశాను.

రెండు రోజులకు మళ్లీ పెట్టాను. ఎడంపక్క చిన్న బొమ్మల్లో ఒక పసుపు సంచీ కింద తెలుగులో "చెల్లికి" అని ఉంది. ఆరు నెలలకు పైగా రోజూ చూశాను, ఆ మాట చదవలేదు. ఆమె మొహం చూసుకుంటూ ఆమె చెవి పక్కనున్నది చూడలేదు. తెరిచాను. పందొమ్మిదీ ఉన్నాయి. రోజుకు ఒకటి చదివాను. పెదాలు కదిలాయి. కదలనీ.

ఆ ఉత్తరాల్లో ఉన్నవాడు ఎవరే పొట్టీ? వాడు మెత్తగా మాట్లాడతాడు. నీ మోకాలు ఎలా ఉందంటాడు. పక్కింటివాళ్ల పిల్లి పోతే బాధపడతాడు. ఆ పిల్లిని నేను చెప్పుతో కొట్టేవాణ్ణి. వాణ్ణి చూస్తే నాకు కుళ్లు పుట్టింది. మీ వదిన ముప్పై తొమ్మిదేళ్లు నాతో ఉండి, పక్కగదిలో కూర్చుని తనకు కావలసిన మొగుణ్ణి టైపు చేసుకుంది.

పదహారో ఉత్తరంలో ఒక ముక్క ఉంది. నీ దగ్గరా ఉంటుంది, తీసి చూడు. "మీ వదిన పక్కన లేకపోతే నాకు ఒక్క పూట గడవదు. ఆ మాట ఆమెకు చెప్పడం నాకు చేతకాదు." అది మూడుసార్లు చదివాను. ఆ మాట నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. తనే రాసుకుంది, నా సంతకం పెట్టించుకుంది, నీకు పంపింది. ఆమెకు తెలుసన్నమాట. ఇన్నేళ్లూ తెలుసు. పందొమ్మిది ఉత్తరాలూ వెతికి ఇది నా మాట కాదు, అది నా మాట కాదు అని గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. దీన్ని మాత్రం కొట్టేయలేను. దానికి సంతకం నేనే పెట్టానని చెప్పు, ఎవరైనా అడిగితే.

ఇక అసలు సంగతి. నువ్వు పదేళ్లు ప్రేమగా జవాబులు రాసింది ఆ మెత్తటివాడికి. నేను వాణ్ణి కాను. నేను చెడ్డ నోటివాణ్ణి, ఇప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి, చెవుడు, కోపం తగ్గలేదు. నీకు వాడే కావాలంటే ఇక్కడితో ఆపేయి, నేను తప్పు పట్టను. వాడు నాకంటే మంచోడు. వాడు పోయాడని చెప్పుకో.

నా గడప తొక్కవద్దని నిన్ను అన్నది నేను. కాబట్టి నిన్ను రమ్మని పిలిచే హక్కు నాకు లేదు, నేనే రావాలి. గురువారం పొద్దున బస్సుకు బయల్దేరుతున్నాను. మధ్యాహ్నానికి నీ వీధిలో ఉంటాను. వద్దనుకుంటే తలుపు తీయకు. కాసేపు మెట్ల మీద కూర్చుని వెనక్కి వచ్చేస్తాను, గొడవ చేయను.

క్షమించమన్న మాట ఆ పందొమ్మిదిలో నాలుగు చోట్ల ఉంది. నేను అడిగింది కాదు అది. నా నోటితో అడగడానికి వస్తున్నాను. నోరు పెగులుతుందో లేదో బస్సు దిగాక చూడాలి.

అన్నయ్య